ఎయిర్ పిస్టల్: లక్షల ఖరీదుది ఎప్పుడు కొనాలి, చౌకదానితో ఎంతదాకా నెట్టుకురావచ్చు

పిల్లనో పిల్లాడినో పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో చేర్పించిన ఇంట్లో కొన్ని నెలలకే ఈ చర్చ మొదలవుతుంది. క్లబ్బు పిస్టల్ వంతులవారీగా దొరుకుతుంది, సొంతది ఉంటే బాగుంటుంది. షాపులో కొన్ని వేలకే ఒకటుంది. కోచ్ చూపించేదేమో లక్ష దాటింది. తేడా ఎక్కడుందో తెలియకపోతే ముందు చౌకదానికి, ఆ తర్వాత ఖరీదైనదానికి, రెండుసార్లు డబ్బు పెట్టాల్సి వస్తుంది.

ఇక్కడ రాసేదంతా 4.5 మి.మీ. గాలి పిస్టళ్ల గురించే. బోరు (గొట్టం లోపలి వ్యాసం) అంతకు మించకుండా, గొట్టం చివర శక్తి 20 జౌళ్లలోపు ఉంటే మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్టల్ సుమారు అర గ్రాము పెల్లెట్‌ను (చిన్న సీసపు గుండును) సెకనుకు 150 మీటర్ల వేగంతో వదులుతుంది. లెక్క వేస్తే అయిదారు జౌళ్లే. అలాగని సంచిలో పడేసుకుని తిరగొద్దు. పైనుంచి చూస్తే అది గాలిదో మందుగుండుదో ఎవరూ పోల్చుకోలేరు. విజయనగరం జంక్షన్‌లోనో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనో పెట్టె తెరవమంటే చూపించడానికి కొన్న బిల్లు, గుర్తింపు కార్డు నకలు, షూటింగ్ సంఘం సభ్యత్వ కార్డు అందులోనే ఉంచండి. పెట్టెకు తాళం వేయండి, గొట్టంలో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల ఖాళీ అని చూపే రంగు తీగ) దూర్చండి.

డబ్బు కొనిపెట్టేది గురిని కాదు

టార్గెట్ కొలతలు చూస్తే సగం సందేహం తీరిపోతుంది. పది వలయం వ్యాసం 11.5 మి.మీ. అక్కడినుంచి ఒక్కో వలయం వెడల్పు 8 మి.మీ., అంటే వ్యాసం 16 మి.మీ. చొప్పున పెరుగుతుంది. తొమ్మిది 27.5, ఎనిమిది 43.5, నల్లటి భాగం మొత్తం 59.5 మి.మీ. వైస్‌లో బిగించి, దానికి నప్పిన పెల్లెట్‌తో కాలిస్తే ఒక మోస్తరు ధర పిస్టల్ కూడా పెల్లెట్లన్నీ పది వలయంలోనే పెడుతుంది. ఏడాదిగా సాధన చేస్తున్నవారి చేతి ఊగు మాత్రం ఎనిమిది వలయమంతా తిరుగుతుంది. ఆ దశలో పిస్టల్ సూక్ష్మతకు డబ్బు పోస్తే ఒక్క పాయింటూ పెరగదు.

మరి లక్షలు దేనికి? గురి చూసే వెనక సైట్‌కూ (గంటు) ముందు సైట్‌కూ (ముల్లు) మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు. పది మీటర్లంటే దానికి 31 రెట్లు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ముందు సైట్ అర మిల్లీమీటరు పక్కకు జరిగితే పెల్లెట్ 15 మి.మీ. పక్కన పడుతుంది. అంటే దాదాపు రెండు వలయాలు. ఆ అర మిల్లీమీటరును జరగనివ్వనివి మూడే: ట్రిగ్గర్, గ్రిప్ (పిడి), వెనక్కి తన్నని నిర్మాణం. ఖరీదైన పిస్టల్‌లో డబ్బంతా వెళ్లేది వీటి మీదికే.

ఏ రకానికి ఎంత విలువ

గొట్టం మడిచి స్ప్రింగ్ బిగించే చౌక పిస్టల్ ఈ ఆటకు పనికిరాదు, మొహమాటం లేకుండా చెప్పాల్సిందే. బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగేసరికి, పెల్లెట్ గొట్టం దాటకముందే పిస్టల్ రెండుసార్లు కదులుతుంది. పోటీల్లో ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉంటే చాలు. వీటిలో అది కిలోల్లో ఉంటుంది, దాంతో వేలు లాగే అలవాటు పడుతుంది. ఆ అలవాటు మాన్పించడం కొత్తగా నేర్పడంకంటే కష్టం. పైగా ఖాళీగా కొడితే సీలు దెబ్బతింటుంది కాబట్టి ఇంట్లో డ్రై ఫైరింగ్ సాధన కూడా కుదరదు.

సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు) పిస్టళ్లు ట్రిగ్గర్‌పరంగా నయమే, మన ఎండలతోనే చిక్కు. 20 డిగ్రీల దగ్గర ఆ వాయువు పీడనం 57 బార్ ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా నిలవదు, పీడనం గబగబా పెరుగుతుంది. మే నెలలో మన రేంజ్‌లో 31కి తగ్గడమే అరుదు. పొద్దున సరిచేసిన సైట్ మధ్యాహ్నానికి పనిచేయదు. ఏసీ హాలు ఉంటే తప్ప వద్దు.

తక్కువ ఖర్చులో నిజంగా ఆటకు పనికొచ్చేది ఒక్క లీవర్ దెబ్బతో గాలి నింపుకునే రకం. రష్యా బైకాల్ 46ఎం, జర్మనీ వైరాఖ్ హెచ్‌డబ్ల్యూ 40 ఈ కోవలోవి. వీటికి సిలిండర్ లేదు, పంపు లేదు, వెనక్కి తన్నడమూ లేదు. 46ఎం గొట్టం సూక్ష్మత పోటీ స్థాయిదే. కష్టమంతా లీవర్‌తోనే. 60 షాట్ల పోటీలో సైటింగ్ షాట్లతో (లెక్కలోకి రాని, గురి సరిచూసుకునేవి) కలిపి 75, 80 సార్లు దాన్ని లాగాలి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు నలభయ్యో షాట్ దగ్గరే భుజం వణుకుతుంది. పెద్దవాళ్లకైతే ఇది మంచి బేరం. గాలి నింపి వదిలేయకండి, సీలు సాగిపోతుంది.

ఆ పై మెట్టు 200 బార్ సిలిండర్ ఉన్న పీసీపీ (ముందే కుదించి నింపిన గాలితో కాల్చే) పిస్టళ్లు. వీటిలో ప్రవేశ స్థాయివి హామర్లీ ఏపీ20 లాంటివి. పై స్థాయిలో స్టేయర్ ఎవో 10, మోరినీ 162, వాల్టర్ ఎల్‌పీ 500, పార్డినీ కే12 ఉంటాయి. సూక్ష్మతలో రెంటికీ తేడా స్వల్పమే. పై స్థాయిలో దొరికేది ట్రిగ్గర్‌కు ప్రతి దశనూ విడిగా సరిచేసుకునే స్క్రూలు, ఏళ్ల తరబడి మారని విడుపు, కొన్నిటిలో మిగిలిన చిన్న కదలికనూ మింగేసే అబ్జార్బర్, చెక్క గ్రిప్‌లో సైజులు. తిరిగి అమ్మినా మంచి ధరే పలుకుతుంది. విదేశీ వెబ్‌సైట్‌లో చూసి సొంతంగా పార్సిల్ తెప్పించుకోవాలనుకోకండి, కస్టమ్స్‌లో ఆగుతుంది. అనుమతి ఉన్న డీలర్ ద్వారానే కొనాలి.

పాత పిస్టల్ కొనేటప్పుడు చూడాల్సినవి

చాలామందికి సరైన దారి ఇదే: కొత్త ప్రవేశ స్థాయి పిస్టల్‌కు బదులు, జాగ్రత్తగా వాడిన పై స్థాయి పిస్టల్. అందుకే దీని గురించి కాస్త వివరంగా.

మొట్టమొదట సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి. పోటీ నిబంధనల ప్రకారం సిలిండర్ గడువు గరిష్ఠంగా పదేళ్లు. పిస్టల్ మెరిసిపోతున్నా సిలిండర్ గడువు దాటి ఉంటే పరికరాల తనిఖీలో ఒప్పుకోరు. కొత్త సిలిండర్ దిగుమతి సరుకు కాబట్టి దాని ధరను బేరంలోంచి తీసేయండి.

తర్వాత లీకు. 200 బార్ నింపి, పిస్టల్‌కు బిగించి, మీటర్ ఫోటో తీసి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు ముల్లు దిగి ఉంటే సబ్బు నురుగు రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడండి. సిలిండర్ మెడ దగ్గరైతే ఓ-రింగ్ (రబ్బరు సీలు) మార్పుతో పోతుంది, చిన్న ఖర్చే. గొట్టం వెనక లోపలినుంచి వస్తుంటే వాల్వు సమస్య, ఆ బేరం వదిలేయడం మేలు.

రెగ్యులేటర్‌కు (ప్రతి షాట్‌కూ ఒకే పీడనం అందించే భాగానికి) ఒక పరీక్ష ఉంది. అయిదు షాట్లు కాల్చి, పది నిమిషాలు ఆగి ఆరోది కాల్చండి. క్రోనోగ్రాఫ్ ఉంటే వేగం చూడండి. లేకపోతే ఆసరా మీద ఆనించి కాల్చి పెల్లెట్ ఎక్కడ పడిందో చూడండి. ఆగిన తర్వాతి మొదటి షాట్ ప్రతిసారీ మిగతా షాట్ల గుంపు వదిలి పైకో కిందికో పోతుంటే, రెగ్యులేటర్ పీడనాన్ని నిలపడం లేదు, నెమ్మదిగా పెరగనిస్తోంది.

ట్రిగ్గర్ పరీక్షకు కిరాణా కొట్టు 500 గ్రాముల తూకపు గుండు, గట్టి దారం చాలు. గొట్టం నిటారుగా పైకి ఉండేలా పట్టుకుని, పెల్లెట్ లేకుండా కాక్ చేసి (కాల్చడానికి సిద్ధం చేసి), ట్రిగ్గర్ మధ్యలో దారం తగిలించి, గుండును నేలమీంచి నెమ్మదిగా లేపండి. గుండు పూర్తిగా నేల వదిలి లేచినా ట్రిగ్గర్ విడుదల కాకూడదు. మీ గుండు తూకం రెండు గ్రాములు అటూ ఇటూ ఉండవచ్చు కాబట్టి 510, 520 దగ్గర పెట్టుకోండి. తనిఖీ బల్ల దగ్గర ఎవరైనా తడబడేది ఇక్కడే. ఇంట్లో సరిగ్గా 500కు పెట్టుకుని వెళతారు, ప్రయాణంలో స్క్రూ ఒక వెంట్రుకవాసి కదులుతుంది.

గ్రిప్: వడ్రంగి చేసే పని

మీ చేతికి కుదరని రెండు లక్షల పిస్టల్‌కంటే కుదిరిన యాభై వేల పిస్టల్ నయం. పట్టుకుని, కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తి, నిలిచాక కళ్లు తెరవండి. ముందు సైట్ వెనక గంటు మధ్యలో ఉండాలి. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు ఒకే పక్కకు ఉంటే తప్పు మణికట్టుది కాదు, గ్రిప్‌ది. పక్కకు జరుగుతుంటే గ్రిప్ స్క్రూలు వదులు చేసి కోణం మార్చండి. అప్పటికీ తీరకపోతే చెక్క గీకాలి.

చూపుడు వేలు చెక్కను ఎక్కడా తాకకూడదు. తాకితే ట్రిగ్గర్ నొక్కేటప్పుడు పిస్టల్ మొత్తం పక్కకు తోసుకుపోతుంది. అరచేతికి సుద్దపొడి రాసి పట్టుకుంటే ఎక్కడ ఒత్తుతోందో, ఎక్కడ ఖాళీ ఉందో చెక్క మీద అచ్చు పడుతుంది. ఒత్తేచోట 120 నంబరు గరుకు కాగితంతో కొద్దికొద్దిగా తీయండి, ఖాళీగా ఉన్నచోట వుడ్ ఫిల్లర్ నింపండి. ఒకేరోజు అంతా తీసేయకండి. ఒక మార్పు, రెండు రోజుల సాధన, ఆపైన ఇంకో మార్పు. ఫిల్లర్ వేసేటప్పుడు పిస్టల్ మొత్తం 420×200×50 మి.మీ. తనిఖీ పెట్టెలో పట్టాలన్నది మరవకండి. ఆ 50 మి.మీ. వెడల్పు దగ్గరే గ్రిప్ తగులుకుంటుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కను వీణగా తొలిచే చేతులున్న జిల్లా మనది. గ్రిప్ చెక్కించడానికి విదేశాలదాకా చూడక్కర్లేదు, ఓపికున్న వడ్రంగి పక్కన కూర్చుని చేయిస్తే చాలు.

గాలి, తేమ, పెల్లెట్లు

కళింగపట్నం నుంచి భోగాపురం దాకా తీరప్రాంతపు తేమ పీసీపీ పిస్టల్‌కు అసలు శత్రువు. చేతి పంపుతో గాలి కుదించినప్పుడు అందులోని తేమ నీరవుతుంది. అది సిలిండర్‌లోకి చేరితే లోపల తుప్పు పట్టి, ఆ పొడి రెగ్యులేటర్‌లో ఇరుక్కుంటుంది. వీలైతే ఏసీ గదిలో పంపు కొట్టండి, అక్కడి గాలి పొడిగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలకోసారి బ్లీడ్ స్క్రూ తిప్పి నీటిని బయటికి వదలండి. పంపు వేడెక్కితే ఆగండి. సిలిండర్‌ను గబగబా నింపితే వేడికి మీటర్ 200 చూపించి, చల్లారాక కిందికి దిగుతుంది. అది లీకు కాదు. ఖాళీ చేసి దాచొద్దు, కొంత పీడనం ఉంచితే తేమ లోపలికి పోదు.

వెల్డింగ్ షాపులోనో ఆసుపత్రి దగ్గరో ఉన్న ఆక్సిజన్ సిలిండర్‌తో ఎట్టి పరిస్థితిలోనూ నింపకండి. అధిక పీడనంలో ఆక్సిజన్‌కు ఇసుమంత నూనె తగిలినా పేలుతుంది. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజే వాడాలి, కుట్టు మిషన్ నూనె, కొబ్బరి నూనె వద్దు.

పెల్లెట్ల ఖర్చును ఎవరూ ముందుగా లెక్క వేయరు. రోజుకు 80 చొప్పున వారానికి అయిదు రోజులు కాలిస్తే 400. ఏడాదికి 20 వేల పెల్లెట్లు, అంటే 500 ఉండే టిన్నులు 40. టిన్ను వెయ్యి రూపాయలనుకున్నా 40 వేలు. పిస్టల్ కొనే రోజే రెండేళ్ల పెల్లెట్ల డబ్బు పక్కన పెట్టలేకపోతే, ఆ ఖరీదైన పిస్టల్ మీ స్థోమతకు మించినదే. కొనే ముందు మూడు నాలుగు రకాలు ఒక్కో టిన్ను తెచ్చి, ఆసరా మీద ఆనించి అయిదేసి షాట్ల గుంపులు కొట్టి చూడండి. ఒకే కంపెనీలో 4.49, 4.50 తల సైజులకు కూడా గుంపు మారుతుంది. తెరిచిన టిన్నులో సిలికా జెల్ సంచి వేయకపోతే సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కునే దాకా ఏమీ తినొద్దు.

ఎప్పుడు మారాలి

600కు 540 దాకా ప్రవేశ స్థాయి పిస్టల్ ఎవరినీ ఆపదు. ఆ కింద ఉన్న స్కోరుకు కారణం నిలబడే తీరు, శ్వాస, ట్రిగ్గర్ వేలు. మూడు నెలల సగటు 550 దాటి, అక్కడే నిలిచిపోయి, షాట్ విడిచిన క్షణంలో మీరు అనుకున్న చోటుకీ పడిన చోటుకీ తరచూ పొంతన లేకపోతే, అప్పుడు మారండి. ఒక మంచి పోటీలో వచ్చిన స్కోరు చూసి కాదు. పారిస్ ఒలింపిక్స్‌లో మామూలు కళ్లద్దాలతో, చెయ్యి జేబులో పెట్టుకుని రజతం కొట్టిన టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఫోటో చూపించి పరికరాలతో పనేముందనేవాళ్లుంటారు. ఆయన వదిలేసింది కళ్లకు కట్టుకునే సరంజామాను మాత్రమే. చేతిలో ఉన్నది అసలైన పోటీ పిస్టలే.

ఖరీదైనదీ మొరాయిస్తుంది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ (ఫైనల్‌కు ముందు రౌండు) మధ్యలో మన షూటర్ మను భాకర్ పిస్టల్ పాడై, విలువైన నిమిషాలు పోయాయి, ఫైనల్ చేజారింది. 2024లో పారిస్‌లో అదే విభాగంలో ఆమెకు కాంస్యం వచ్చింది. మన దగ్గర సర్వీసుకు విశాఖో హైదరాబాదో వెళ్లాలి కాబట్టి ఓ-రింగుల సెట్టు, అలెన్ కీలు, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే విడి బ్యాటరీ, రెండో సిలిండర్ పెట్టెలో ఎప్పుడూ ఉండాలి.

కొత్త పిస్టల్‌ను రాష్ట్ర పోటీకి కనీసం మూడు నెలల ముందు తెచ్చుకోండి. గ్రిప్ కుదరడానికే నెల పడుతుంది, ఈలోగా స్కోరు పది పదిహేను పాయింట్లు పడినా కంగారుపడి స్క్రూలన్నీ తిప్పేయకండి. మొదటి రోజే ప్రతి స్క్రూ ఎన్ని మలుపుల్లో ఉందో నోటు పుస్తకంలో రాసుకుంటే వెనక్కి రావడం తేలిక. పాతదాన్ని ఆ పోటీ అయ్యేదాకా అమ్మకండి.