ఐఐటీలో మొదటి సెమిస్టర్: పల్లె నుంచి వెళ్లేవాళ్లకు

ఊరు వదిలే ముందే తాజా ఆదాయ ధ్రువపత్రం తీసుకోండి. ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. మిగతావాళ్లకు కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే మొత్తం, 5 లక్షల లోపుంటే మూడింట రెండు వంతులు తగ్గుతుంది. హాస్టల్, మెస్ ఖర్చు వేరు. లోన్ అడిగేటప్పుడు దాన్నీ కలపండి.

అసలు దెబ్బ మొదటి క్విజ్‌లో తగులుతుంది. ఇంటర్‌లో స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు, నెత్తిమీద లెక్చరర్ ఉండేవారు. ఇక్కడ క్లాసు ఎగ్గొట్టినా వెంటనే అడిగేవాళ్లుండరు. ట్యుటోరియల్ క్లాసుకిచ్చే లెక్కల షీటును ముందురోజే సొంతంగా చేసి, ఆగిపోయిన లెక్క దగ్గర గుర్తు పెట్టుకుని టీఏను (ప్రొఫెసర్‌కు సాయంగా ఉండే సీనియర్ విద్యార్థిని) అడగండి. ఖాళీ షీటుతో వెళ్తే బోర్డు మీది జవాబు దించుకోవడమే మిగులుతుంది.

ఇంగ్లిష్ లెక్చర్ అందకపోతే తప్పు తెలివితేటలది కాదు, వేగానిది. ముందురోజు రాత్రి అదే పాఠం ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాలు) వీడియోను 0.75 వేగంతో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ప్రొఫెసర్‌కు మెయిల్ రాస్తే కోర్సు కోడు, రోల్ నంబరు, ఒకే ప్రశ్న. నాలుగు వరుసలు చాలు. వ్యాకరణం గురించి ఎవరూ పట్టించుకోరు.

ప్రోగ్రామింగ్ కొత్తయితే ల్యాబ్‌లో ప్రతి కోడూ చేత్తో టైప్ చేయండి. స్నేహితుడి కోడులో పేర్లు మార్చి ఇస్తే పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌కు దొరికిపోతారు; ఇచ్చినవాడికీ శిక్షే.

తెలుగు గ్యాంగ్ ఉండాల్సిందే, జ్వరమొస్తే గంజి తెచ్చేది వాళ్లే. కానీ రోజుకో పూట వేరే రాష్ట్రాలవాళ్లతో తినండి. ఇంగ్లిష్‌లో నోరు అక్కడే తిరుగుతుంది.