ఆ ఉద్యోగం నిజమో కాదో వాళ్లనే అడగకండి

పరీక్ష ఫలితాలు వచ్చిన కొన్నాళ్లకు ఒక రకం సందేశాలు జోరందుకుంటాయి. పెద్ద సంస్థలు ఉద్యోగులను తొలగించాయన్న వార్త వచ్చినప్పుడూ అంతే. "మీ రెజ్యూమె చూశాం, మీరు ఎంపికయ్యారు" అంటాయవి. పేరున్న సంస్థ లోగో, నిజంగా అక్కడ పనిచేస్తున్న హెచ్‌ఆర్ అధికారి పేరు, ఫొటో అన్నీ ఉంటాయి. ఉండక ఏం చేస్తాయి? అవన్నీ ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనో లింక్డ్‌ఇన్‌లోనో ఎవరికైనా దొరికేవే. ఒకప్పుడు అచ్చుతప్పులను బట్టి దొంగ ఉత్తరాన్ని పట్టేయమని చెప్పేవారు. ఆ సలహాకు కాలం చెల్లింది. కృత్రిమ మేధ ఇప్పుడు ఎన్ని ఉత్తరాలనైనా తప్పు లేకుండా రాసిపెడుతుంది. అసలైన హెచ్‌ఆర్ విభాగాల మెయిళ్లలోనే తప్పులు ఎక్కువేమోనని నా అనుమానం.

అందుకని ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చోవడం కన్నా, అది మోసుకొచ్చిన పేరుగల సంస్థనే అడగడం మేలు. ఇక్కడే చాలామంది తడబడతారు. ఉత్తరంలో ఉన్న నంబరుకే ఫోన్ చేసి "ఇది నిజమేనా అండీ" అని అడుగుతారు. అటువైపు మనిషి ఎంతో మర్యాదగా నిజమేనంటాడు. ఉత్తరంలోని లింకును, నంబరును పక్కన పెట్టి, సంస్థ వెబ్‌సైట్ చిరునామాను మీరే స్వయంగా టైప్ చేయండి. చిరునామా తెలియక వెతికినప్పుడు అన్నిటికన్నా పైన కనిపించేది ప్రకటన కావచ్చు, దాన్ని నొక్కవద్దు. ఆ సైట్‌లోని ఉద్యోగాల పేజీలో ఈ ఖాళీ ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడ ఇచ్చిన చిరునామాకు మీరే రాయండి: "ఫలానా పేరుతో నాకు ఈ ఉత్తరం వచ్చింది, మీరు పంపిందేనా?" ఫోన్ తెరపై సంస్థ నంబరే కనబడిందని ధీమా పడకండి, ఆ నంబరునూ నకిలీగా చూపించవచ్చు.

మెయిల్ చిరునామా చదవడానికి ఒక పద్ధతి ఉంది. పంపినవారి పేరుగా తెరపై కనిపించేదాన్ని ఎవరికి వారే రాసుకోవచ్చు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఎట్ గుర్తు తర్వాత ఉన్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. చివరనున్న డాట్‌కామ్‌కు సరిగ్గా ముందున్న మాటే అసలు యజమాని. 'కెరీర్స్ డాట్ సంస్థపేరు డాట్‌కామ్' ఆ సంస్థదే. మధ్యలో చుక్కకు బదులు అడ్డగీత పెట్టి 'సంస్థపేరు-కెరీర్స్ డాట్‌కామ్' అని ఉంటే అది పూర్తిగా వేరే డొమైన్, అంటే వేరే ఇంటర్నెట్ చిరునామా, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇంగ్లిష్‌లో చిన్న ఆర్, ఎన్ అక్షరాలను పక్కపక్కన పెడితే చూపుకు ఎమ్ లాగే ఉంటుంది. రష్యన్ లిపిలోని 'అ' అక్షరం ఇంగ్లిష్ చిన్న ఎ నుంచి కంటితో వేరు చేయలేనంతగా కలిసిపోతుంది. డొమైన్ ఎప్పుడు నమోదైందో, ఆ నమోదు వివరాలు చూపే హూఈజ్ (WHOIS) సేవల్లో చూడవచ్చు. దశాబ్దాల నాటి సంస్థకు పోయిన వారం పుట్టిన డొమైన్ ఉందంటే ఇక ఆలోచించాల్సిన పని లేదు. అయితే ఒక చిక్కుంది. నిజమైన సంస్థలు కూడా నియామకాలను ఏజెన్సీలకు అప్పగిస్తాయి, దరఖాస్తుల సాఫ్ట్‌వేర్ నుంచి మెయిళ్లు పంపిస్తాయి. కాబట్టి వేరే డొమైన్ నుంచి వచ్చిన ప్రతి ఉత్తరమూ మోసం కాదు. తేల్చి చెప్పగలిగేది మళ్లీ ఆ సంస్థే.

డబ్బు సంగతి ఇంతకన్నా తేలిక. రిజిస్ట్రేషన్, శిక్షణ, నేపథ్య పరిశీలన, ల్యాప్‌టాప్ డిపాజిట్, వీసా... పేరు ఏదైనా, చేరకముందే మీ జేబులోంచి వాళ్ల ఖాతాలోకి డబ్బు వెళ్లాలంటే అక్కడితో ఆగిపోండి. "మొదటి జీతంతో తిరిగిచ్చేస్తాం" అన్న మాట దీనికి జోడీ. ప్రైవేటు ఉపాధి సంస్థలు కార్మికుల నుంచి నేరుగా గానీ పరోక్షంగా గానీ రుసుము వసూలు చేయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక చెబుతోంది. కొన్ని మినహాయింపులున్నా మూలసూత్రం అదే.

డబ్బు అడగకుండా, ఎదురిచ్చి చేసే మోసాలే మనిషిని ఎక్కువగా ఏమారుస్తాయి. సామగ్రి కొనుక్కోమని చెక్కు పంపుతారు, ఎక్కువైన మొత్తాన్ని ఫలానా ఖాతాకు పంపమంటారు. చెక్కు మొత్తం మీ ఖాతాలో కనిపించినంత మాత్రాన అది చెల్లినట్టు కాదు. కొన్ని రోజుల తర్వాత నకిలీదని తేలితే మీరు పంపింది మీ సొంత డబ్బే అవుతుంది. మరొకటి, వీడియోలకు లైక్ కొట్టే 'పని'. మొదట నిజంగానే కాస్త డబ్బు ముడుతుంది. ఆ తర్వాత పెద్ద పనులు కావాలంటే ముందుగా ఖాతాలో సొమ్ము వేయమంటారు. తెరపై మీ లాభం పెరుగుతూనే ఉంటుంది గానీ చేతికి రాదు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది మూడోది. మీ ఖాతాలోకి వచ్చిన సొమ్మును కమిషన్ తీసుకుని ఇంకొకరికి పంపడం. అది ఇంకో బాధితుడి సొమ్ము. పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారుడి దగ్గరికే.

కొందరికి కావలసింది మీ డబ్బు కాదు, మీ కంప్యూటర్. 2022లో రోనిన్ అనే క్రిప్టో నెట్‌వర్క్ నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా దోచుకుపోయారు. ఈ దోపిడీ ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పని అని ఎఫ్‌బీఐ ప్రకటించింది. వార్తా కథనాల ప్రకారం దీనికి తలుపు తెరిచింది ఒక ఇంజినీరుకు వచ్చిన నకిలీ ఉద్యోగ ప్రతిపాదన. ఇంటర్వ్యూలు జరిగాయి, ఆకర్షణీయమైన జీతం చెప్పారు, చివరికి పంపిన పీడీఎఫ్ ఆఫర్ లెటర్‌ను ఆయన తెరవగానే అందులో దాగిన గూఢచారి ప్రోగ్రాము లోపలికి చొరబడింది. ఇంటర్వ్యూలో భాగమంటూ ఏదైనా ప్రోగ్రామును నడపమన్నా, యాప్ వేసుకోమన్నా, స్క్రీన్ చూపించమన్నా ఒప్పుకోకండి. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం తాలూకు కంప్యూటర్‌లో అసలే వద్దు.

విదేశాల్లో కొలువు అంటూ టికెట్టు కూడా వాళ్లే పంపితే మరింత జాగ్రత్తపడాలి. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు లక్ష మందిని నిర్బంధించి, వారితో బలవంతంగా ఆన్‌లైన్ మోసాలు చేయిస్తూ ఉండవచ్చని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. వారిలో చాలామంది మంచి ఉద్యోగమని నమ్మి వెళ్లినవారే. బయలుదేరే ముందు ఆ దేశంలోని మీ రాయబార కార్యాలయంలో విచారించండి. చేరాల్సిన నగరం దారిలో మారిపోయినా, దిగగానే పాస్‌పోర్టు తమకిచ్చేయమని వాళ్లు అడిగినా అది అపాయం ముంచుకొస్తున్న గుర్తు.

ఉద్యోగ వేట మొదలుపెట్టే ముందే కొన్ని పనులు చేసుకోండి. దరఖాస్తుల కోసం వేరే మెయిల్ తెరవండి. ఎక్కడెక్కడ దరఖాస్తు చేశారో తేదీలతో రాసుకోండి. అడగని చోటి నుంచి ఎంపిక ఉత్తరం వస్తే మీరు రాసుకున్న ఆ జాబితాయే మొదటి సాక్ష్యం. రెజ్యూమెలో పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, గుర్తింపు కార్డు సంఖ్య అక్కర్లేదు. ఆ కార్డు నకలు, బ్యాంకు వివరాలు సంస్థను సరిచూసుకుని, ఆఫర్‌ను అంగీకరించాకే ఇవ్వండి. ఓటీపీ మాత్రం ఏ దశలోనూ ఎవరికీ చెప్పేది కాదు. ఇంటర్వ్యూ అంతా చాట్‌లోనే ముగిసిపోయినా, ఈ సాయంత్రంలోగా సంతకం పెట్టకపోతే అవకాశం పోతుందన్నా, ఒక రాత్రి గడువు అడిగి చూడండి. నిజమైన సంస్థ ఆ ఒక్క రాత్రి కోసం మిమ్మల్ని వదులుకోదు.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే సిగ్గుపడుతూ కూర్చునే సమయం కాదు. ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది. చాట్‌లను చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, పోలీసులకు ఫిర్యాదు చేయండి. పాస్‌వర్డులు మార్చండి, అది కూడా వాళ్లు పంపిన ఫైలు తెరవని వేరే పరికరం నుంచి. పోయిన డబ్బు రాబట్టిస్తామంటూ కొన్నాళ్లకు ఇంకొకరు ఫోన్ చేయవచ్చు. మోసపోయినవారి జాబితాలు ముఠాల మధ్య అమ్ముడవుతుంటాయి, వాళ్లూ ముందుగా ఫీజే అడుగుతారు. ఏ సంస్థ పేరు వాడుకున్నారో ఆ సంస్థకూ ఒక మెయిల్ పెట్టండి. అదే పేరుతో అదే ఉత్తరం ఈపాటికి ఇంకెవరికో వెళ్లి ఉంటుంది.