మంచు ట్రెక్‌లో బాటిల్ మూత బిగుసుకుపోకుండా

మార్చిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ లాంటి మంచు కొండ ట్రెక్‌కి వెళ్తే, శిఖరం ఎక్కే రోజు చీకట్లోనే బయల్దేరాలి. దాహమేసి బాటిల్ తీస్తే మూత దగ్గర ఐసు కట్టేసి చుక్క రాదు, లోపల మాత్రం నీళ్లు గలగలమంటుంటాయి!

ముందురోజు రాత్రి వంట టెంట్‌లో వేడినీళ్లు అడిగి, వెడల్పు మూతి ఉన్న లీటరు బాటిల్‌లో రెండు వేళ్ల ఖాళీ వదిలి పోయండి. మూత గట్టిగా బిగించి, మందపాటి ఉన్ని సాక్స్ తొడిగి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి (పాదాలకి ఆ వెచ్చదనం అదనపు లాభం). పొద్దున అదే సాక్స్‌తో వీపు బ్యాగులో తలకిందులుగా పెట్టండి. ఐసు పైనుంచే కడుతుంది కాబట్టి ఇప్పుడు పైకి వచ్చిన బాటిల్ అడుగు వైపు పేరుకుంటుంది, మూత సులువుగా తిరుగుతుంది.

కొట్లో కొన్న పల్చటి నీళ్ల బాటిల్ దీనికి పనికిరాదు, వేడికి సొట్టపోయి మూత లీకవుతుంది. నిద్రకి ముందు ఓసారి తలకిందులు చేసి చూసుకోండి. స్లీపింగ్ బ్యాగు తడిస్తే ఆ రాత్రి ఇక నరకమే. పైపుతో తాగే నీళ్ల సంచికి ఈ చిట్కా పనిచేయదు, ముందు గడ్డకట్టేది ఆ పైపే.