ఫలితాల పట్టిక చదవడం – 4వ పాఠం: ఓట్లు పెరిగినా గద్దె దిగిన పార్టీ

గత పాఠంలో జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2011 ఫలితాల పట్టిక ఇచ్చి, అధికార పార్టీ సీడీయూ ఎందుకు ఓడిందో రాయమన్నాను. ఎక్కువ మంది జవాబు ఒకటే: సీడీయూ ఓటర్లు ఆ పార్టీని వదిలేశారు. గత ఎన్నికల్లో (2006) వచ్చిన 44.2 శాతం ఓట్లు 39.0కి పడిపోవడమే రుజువు అన్నారు. దీన్ని సరిచేయకుండా ముందుకు వెళ్తే తర్వాతి పాఠాలన్నీ వంకరగా ఎక్కుతాయి. అందుకే ఇవాళ్టి సీట్ల లెక్కను కుదించి, ముందు ఈ సంగతి తేలుస్తాను.

నేపథ్యం ఒక్కసారి. 1953 నుంచి 58 ఏళ్లు ముఖ్యమంత్రి పదవి సంప్రదాయవాద సీడీయూ చేతిలోనే ఉంది. (కొందరు రాసినట్టు రాష్ట్రం పుట్టినప్పటి నుంచి కాదు. 1952లో మొదటి ముఖ్యమంత్రి రైన్‌హోల్డ్ మాయర్ ఉదారవాద పార్టీ నాయకుడు.) స్టుట్‌గార్ట్ రైల్వే స్టేషన్‌ను భూగర్భంలోకి మార్చే పథకంపై 2010లో పెద్ద ఆందోళన జరిగింది. సెప్టెంబరు 30న నిరసనకారులపై పోలీసులు నీటి ఫిరంగులు వాడారు. 2011 మార్చి 11న ఫుకుషిమా ప్రమాదం, మార్చి 27న పోలింగ్. అణువిద్యుత్తును గట్టిగా సమర్థిస్తూ వచ్చిన ముఖ్యమంత్రి స్టెఫాన్ మాపుస్‌కు ఆ రెంటి మధ్య మిగిలింది 16 రోజులే.

ఇప్పుడు అసలు విషయం. సీడీయూకు 2006లో వచ్చినవి సుమారు 17.5 లక్షల ఓట్లు, 2011లో 19.4 లక్షలు. దాదాపు రెండు లక్షలు పెరిగాయి! శాతం ఎందుకు తగ్గింది? పోలింగ్ 53.4 నుంచి 66.3 శాతానికి పెరిగింది కాబట్టి. ఓట్ల శాతాన్ని లెక్కగట్టేది పోలైన ఓట్ల మీద, ఓటర్ల మొత్తం మీద కాదు. పోలింగ్ శాతం పక్కన పెట్టుకోకుండా రెండు ఎన్నికల ఓట్ల శాతాలను పోల్చే విశ్లేషణ టీవీలో కనిపించినా సరే, నమ్మకండి.

నేను ఎప్పుడూ వాడే అడ్డదారి చెబుతాను. వంద మంది ఓటర్లున్న ఊరు అనుకోండి. ఓట్ల శాతాన్ని పోలింగ్ శాతంతో గుణించి 100తో భాగించండి. చెల్లని ఓట్లను పట్టించుకోకండి, ఈ పనికి అంత సూక్ష్మం అక్కరలేదు. సీడీయూ: 2006లో వందకు 23.6 మంది, 2011లో 25.9 మంది. పర్యావరణవాద పార్టీ గ్రీన్స్: 11.7 శాతం 24.2 అయింది, అంటే వందకు 6.2 మంది నుంచి 16కు. ఇంతకుముందు ఇంట్లో కూర్చున్న వాళ్లు బయటికి రావడమే తూకాన్ని మార్చింది. సీడీయూను ఒక్కరూ వదల్లేదని దీని అర్థం కాదు. కొందరు పోయి, అంతకంటే ఎక్కువ మంది వచ్చి ఉండవచ్చు. పట్టిక నికర లెక్కే చెబుతుంది. ఎవరు ఎటు వెళ్లారో అందులో వెతకకండి.

ఇక సీట్లు. 5 శాతం ఓట్లు కూడా రాని పార్టీకి సభలో చోటు లేదన్నది మీకు తెలిసిందే. సీడీయూ 70 నియోజకవర్గాల్లో 60 గెలిచింది. మన పద్ధతిలో అయితే అది ప్రభంజనం. అక్కడ మాత్రం మొత్తం సీట్లు ఓట్ల నిష్పత్తికి దగ్గరగా ఉండాలి కనుక మిగతా పార్టీలకు అదనపు సీట్లు ఇచ్చారు. సభ 138కి పెరిగింది: సీడీయూ 60, గ్రీన్స్ 36, సోషల్ డెమోక్రాట్ల పార్టీ ఎస్‌పీడీ 35, ఉదారవాద పార్టీ ఎఫ్‌డీపీ 7. మెజారిటీకి 70 కావాలి. సీడీయూ, దాని భాగస్వామి ఎఫ్‌డీపీ కలిస్తే 67. గ్రీన్స్, ఎస్‌పీడీ కలిస్తే 71. మే 12న విన్‌ఫ్రీడ్ క్రెచ్‌మన్ జర్మనీలో గ్రీన్స్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఎక్కువ సీట్లున్న పార్టీ ప్రతిపక్షంలో కూర్చోవడం మనకూ కొత్త కాదు. 2018 కర్ణాటకలో 104 సీట్ల బీజేపీని పక్కన పెట్టి కుమారస్వామి ముఖ్యమంత్రి అయ్యారు.

అభ్యాసం: ఎస్‌పీడీ 25.2 నుంచి 23.1కి, ఎఫ్‌డీపీ 10.7 నుంచి 5.3కి తగ్గాయి. రెండింట్లో నిజంగా ఓట్లు పోగొట్టుకున్నది ఏది? ఇది చేశాక మీ శాసనసభ నియోజకవర్గం గత రెండు ఎన్నికల ఫారం 20 (పోలింగ్ కేంద్రాల వారీ ఓట్ల పట్టిక) తీసుకుని, పోలింగ్ కేంద్రాల వారీగా ఇదే లెక్క వేయండి. కేంద్రాల సరిహద్దులు మారిన చోట పక్క కేంద్రంతో కలిపి చూడండి. వారం పడుతుంది, అయినా మొత్తం చేయండి. 5వ పాఠం ఆ కాగితాల మీదే నడుస్తుంది.