తుంటి నొప్పి, పిర్ర నొప్పి అసలు ఏ చోటిదో మీ వేళ్లతోనే ఎలా గుర్తుపట్టాలి?

"ఎక్కడ నొప్పి?" అని డాక్టర్ అడిగితే మన దిక్కు చానా మంది అరచేయితో నడుం నుంచి తొడ దాకా రుద్ది "గీడంతా సార్" అంటరు. ఆ రుద్దిన జాగలోనే తుంటి కీలు ఉంది, రెండు మూడు పెద్ద కండలున్నయి, ఒంట్లో అన్నిటికన్నా లావు నరం ఉంది, నడుం కింద ఇంకో కీలు ఉంది, బొక్కల మీద చిన్న చిన్న నీటి సంచులున్నయి. దేని నొప్పి దానిదే, దేని మందు దానిదే. హన్మకొండలో ఫిజియోథెరపీ చేస్తున్న నాకు ఎక్కువగా కనబడేది ఏందంటే, నడుం ఎక్స్‌రేలు, ఎమ్మారైలు సంచి నిండా పట్టుకొస్తరు, తీరా చూస్తే నొప్పి గజ్జలో ఉంటది, అంటే తుంటి కీలుది, ఆ కీలుకు మాత్రం ఒక్క ఫోటో కూడా తీయించి ఉండరు. ఒక్క వేలుతో "ఇగో ఇక్కడ" అని చూపెట్టగలిగితే పైసలు, టైం రెండూ మిగుల్తయి. ఆ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పడానికే ఇది రాస్తున్న.

ముందు కావాల్సినవి: పలుచటి బట్టలు (జీన్స్ మీదికెళ్లి ఏం తెల్వదు), గట్టి చెక్క కుర్చీ, పట్టుకోవడానికి ఒక గోడ. ప్రతి స్టెప్పూ రెండు వైపులా చేయండి, నొప్పి లేని వైపు ముందు, ఎందుకంటే మామూలుగా ఎట్ల ఉంటదో తెలిస్తేనే తేడా తెలుస్తది. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినోళ్లు కాలు మడిచి తిప్పే స్టెప్పు (స్టెప్ 4లోది) అస్సలు చేయొద్దు, కీలు జారే ప్రమాదం ఉంటది.

స్టెప్ 1: నడుం మీద చేతులు పెట్టి మొదలు పెట్టండి

ఎవరినన్నా గదమాయించేటప్పుడు నడుం మీద రెండు చేతులు పెడతం కదా, అట్ల పెట్టి కొంచెం కిందికి నొక్కండి, గట్టిగా ఒక అంచు తగుల్తది. అది తుంటి బొక్క పై అంచు, ఇలియాక్ క్రెస్ట్ అంటరు. రెండు పక్కల అంచులను వెనకనుంచి ఒక గీతతో కలిపితే అది దాదాపు నడుం నాలుగో పూస మీదికెళ్లి పోతది, ఆపరేషన్‌కు ముందు వెన్నుల మత్తు సూది ఇచ్చే డాక్టర్లు ఈ గీతనే చూసుకుంటరు. ఆ అంచు పట్టుకుని ముందుకు జరుపుకుంట వస్తే పొట్ట కింద రెండు పక్కల మొన తేలిన బొక్క దొరుకుతది, సన్నగా ఉన్నోళ్లకు కంటికే కనబడ్తది. దీన్ని గుర్తు పెట్టుకోండి, సూది గురించి చెప్పేటప్పుడు మళ్లా కావాలె.

అదే అంచును వెనక్కి పట్టుకుపోతే వెన్ను కింద రెండు చిన్న సొట్టలు ఉంటయి, చానా మందికి అద్దంలో కనబడ్తయి. ఆ సొట్టల దగ్గర్నే లోపల సాక్రోఇలియాక్ అనే కీలు ఉంటది, వెన్ను బరువు మొత్తం కాళ్లకు దిగేది దానిగుండానే. కడుపుతో ఉన్నోళ్లకు, కాన్పు అయిన కొత్తల ఆడోళ్లకు నొప్పి సరిగ్గా ఈ సొట్ట దగ్గర వస్తుంటది, పక్క మీద అటు ఇటు మర్లుతుంటే ఎక్కువైతది. మీ వేలు ఇక్కడనే ఆగితే అది తుంటి కీలు కాదు, చానా వరకు ఈ కీలే.

స్టెప్ 2: పక్కన ఉండే బొడిపె

నిలబడి అరచేయిని తొడ పైభాగం పక్కన పెట్టండి, స్టెప్ 1లో దొరికిన అంచుకు ఒక జానెడు లోపే, కొంచెం కిందికి. పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పుతుంటే చేయి కింద ఒక గట్టి బొక్క కదులుతది, అది గ్రేటర్ ట్రొకాంటర్, తొడ బొక్క పైన బయటికి తేలిన భాగం. మనోళ్లు "తుంటి" అని చేయి వేసేది ఎక్కువ దీని మీదనే, కానీ అసలు కీలు ఇక్కడ లేదు.

రాత్రి ఆ పక్కకు పండుకుంటే నొప్పి, మెట్లెక్కుతుంటే పక్కన నొప్పి, ఈ బొడిపె మీద నొక్కితే "అమ్మా" అనిపిస్తుందా? అట్లయితే ఎక్కువ శాతం అది బొడిపెకు అతుక్కునే కండ కొసది, లేదా దాని మీద ఉండే నీటి సంచిది. నలభై దాటిన ఆడోళ్లలో బాగా చూస్తం. పిల్లను చంకనేసుకుని ఒక తుంటి పక్కకు నెట్టి నిలబడుడు, కాలు మీద కాలేసుకుని గంటలు కూసునుడు, ఈ రెండూ మానేస్తే, పండుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే చానా మందికి తక్కువైతది, ఆ తర్వాత ఎక్సర్‌సైజులు.

స్టెప్ 3: కూసునే బొక్క

చెక్క కుర్చీ మీద కూసుని ఒక పక్క పిర్ర కింద అరచేయి పెట్టండి, కొంచెం అటు ఇటు ఊగండి, చేతికి గట్టిగా బొక్క గుచ్చుకుంటది. ఇస్కియల్ ట్యూబరోసిటీ. నిలబడ్డప్పుడు ఇదే బొక్క కోసం వెతికితే దొరకదు, పెద్ద కండ దాన్ని కప్పేస్తది, కూసోగానే ఆ కండ పైకి జరుగుతది, అప్పుడు మన బరువు సూటిగా బొక్క మీద, దాని కింద ఉండే నీటి సంచి మీద పడ్తది. తొడ వెనక కండలు మొదలయ్యేది కూడా ఇక్కణ్నే, కాబట్టి పరుగెత్తే పిల్లగాళ్లకు నొప్పి ఇక్కడ వస్తే కండ లాగిందా అని కూడా చూడాలె.

గట్టి పలక మీద గంటల తరబడి కూసునేటోళ్లకు ఈ సంచి వాస్తది, పాత ఇంగ్లిష్ వైద్యంలో దీన్ని నేతగాళ్ల జబ్బు అనే పిలిచిన్రు. మన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు (దర్రీలు) నేసేటోళ్లను చూస్తే ఎందుకో అర్థమైతది, కాళ్లు ఆడుతనే ఉంటయి, చేతులు ఆడుతనే ఉంటయి, బరువంతా మాత్రం ఆ రెండు బొక్కల మీదనే. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, ఆ దర్రీ నేసే మనిషి కింద ఒక మెత్త ఉండాలె అని మాత్రం ఎవ్వరూ పట్టించుకోరు, నాకు ఇది నిజంగా బాధ అనిపిస్తది. మందపాటి మెత్త, అరగంటకోసారి లేసి రెండు నిమిషాలు నిలబడుడు, మొదలైన కొత్తల ఇదే పెద్ద మందు. ఆటో డ్రైవర్లకు, సిస్టం ముందు కూసునేటోళ్లకు కూడా ఇదే మాట.

స్టెప్ 4: అసలు తుంటి కీలు

ఇది చేతికి దొరకదు, అంత లోతుల ఉంటది. కానీ ఎక్కడుందో గుర్తు పట్టొచ్చు. వెల్లకిలా పండుకుని తొడ, పొట్ట కలిసే మడత మధ్యలో రెండు వేళ్లు మెల్లగా పెట్టండి, నాడి కొట్టుకుంటది. ఆ నాడికి సరిగ్గా వెనకాల లోపల తొడ బొక్క గుండు, తుంటి బొక్కలోని గిన్నెలో కూసుని ఉంటది. ఆ గిన్నె కూడా పుట్టినప్పుడు ఒక్క బొక్క కాదు, మూడు బొక్కలు కలిసే చోటు, ఈడుకొచ్చే వయసులో అవి అతుక్కుపోయి ఒక్కటైతయి.

ఇప్పుడు మోకాలు మడిచి తొడను పొట్ట వైపు తెచ్చి, మోకాలు అట్లనే ఉంచి పాదాన్ని మెల్లగా బయటికి నెట్టండి, అంటే లోపల తొడ లోపలి వైపుకు తిరుగుతది. అప్పుడు గజ్జలో నొప్పి వచ్చినా, రెండో కాలుకన్నా తక్కువ తిరిగినా కీలు మీద అనుమానం పెట్టుకోవాలె, కీలు అరిగితే ముందు తగ్గేది మామూలుగా ఈ తిప్పుడే. చెప్పులు, సాక్సులు వేసుకునుడు, కింద బాసిపెట్టు వేసుకుని కూసునుడు కష్టమైతుందంటే అది కూడా ఈ లెక్కలోదే.

ఇంకో మాట, ఇది తల్లిదండ్రులు తప్పకుండా పట్టించుకోవాలె. తుంటి కీలుకు, మోకాలుకు కొన్ని నరాలు ఒకటే, అందుకే తుంటిలో జబ్బు ఉండి నొప్పి మాత్రం మోకాలులో తెలుస్తది. పిల్లగాడు కుంటుతుండు, మోకాలు నొప్పి అంటుండు, మోకాలు ఎక్స్‌రే బాగనే ఉంది అంటే, తుంటి కూడా చూడమని మీరే అడగండి. ఇంకా స్టెరాయిడ్ మందులు ఎక్కువ రోజులు వాడినోళ్లు, మందు బాగా తాగేటోళ్లు, సికిల్ సెల్ ఉన్నోళ్లు (వంశంలో వచ్చే రక్తం జబ్బు, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీ గిరిజనుల్లో ఇది ఉంది), వీళ్లకు గజ్జలో నొప్పి మొదలైతే లేటు చేయొద్దు, ఆ గుండుకు రక్తం అందక ఎండిపోయే జబ్బు ఉంటది, మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు, ఎమ్మారైలోనే దొరుకుతది.

స్టెప్ 5: కండలు, కట్టె ఏ చేతిలో

రెండు చేతులు పిర్రల మీద పెట్టి కుర్చీలో నుంచి లేవండి, చేతుల కింద గట్టిపడేది గ్లూటియస్ మాక్సిమస్, ఒంట్లో అన్నిటికన్నా పెద్ద కండ. సాపు రోడ్డు మీద నడిస్తే దానికి పెద్ద పని ఉండదు, పద్మాక్షి గుట్ట మెట్లెక్కేటప్పుడు, నాటేసేటప్పుడు వంగి లేసేటప్పుడు అదే పని చేస్తది.

దాని కంటే నేను ఎక్కువ చూసేది పక్కన ఉండే గ్లూటియస్ మీడియస్‌ను. నడుం అంచుకూ పక్క బొడిపెకూ మధ్యలో చేయి పెట్టి గోడ పట్టుకుని ఆ కాలు మీద ఒంటికాలు నిలబడండి, చేయి కింద గట్టి పడ్తది. కుడి కాలు మీద నిలబడితే ఎడమ పక్క నడుం కిందికి జారకుండా పట్టుకునేది కుడి పక్క ఉన్న ఈ కండనే. అది బలహీనమైతే నిలబడ్డ కాలుకు ఎదురు పక్క తుంటి కిందికి జారుతది, మనిషి పక్కలకు ఊగుకుంట నడుస్తడు. ఇంట్లోవాళ్లను వెనక నిలబెట్టి చూడమనండి, లేదంటే ఫోన్‌లో వీడియో తీయించుకోండి, చానా క్లియర్‌గా కనబడ్తది.

ఒంటికాలు మీద ఉన్నప్పుడు ఆ కండ గట్టిగా లాగాలె కాబట్టి తుంటి కీలు మీద పడే బరువు మన ఒంటి బరువుకు రెండింతలు దాటుతది. అందుకే చేతికర్ర నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలె. కుడి తుంటి నొప్పి అయితే కట్టె ఎడమ చేతిలో, కుడి కాలుతో పాటు కట్టె ముందుకు వెయ్యాలె. అప్పుడు కుడి పక్క కండ అంత లాగాల్సిన పని ఉండదు, కీలు మీద బరువు దిగిపోతది. మన ఇండ్లల్ల ముసలోళ్లు దాదాపు అందరూ నొప్పి వైపే పట్టుకుంటరు, ఈ రోజే మార్పించండి తాతకు, నానమ్మకు, రూపాయి ఖర్చు లేదు.

స్టెప్ 6: నరం, సూది

స్టెప్ 2లో పక్క బొడిపె, స్టెప్ 3లో కూసునే బొక్క, ఈ రెండిటి నడుమ సగానికి దగ్గర్ల సయాటిక్ నరం కిందికి దిగుతది, నడుం నాలుగో పూస నుంచి దాని కింద త్రికాస్థి మూడో పూస దాకా వచ్చే నరాలు కలిసి వేలంత లావు అయిన నరం. పిర్రలో మొదలై తొడ వెనక నుంచి మోకాలు దాటి పాదం దాకా కరెంటు కొట్టినట్టు గుంజితే, తిమ్మిరెక్కితే, దగ్గినప్పుడు ఎక్కువైతే అది నరానిది, మూలం ఎక్కువ సార్లు నడుం డిస్కులో ఉంటది. వెనక జేబుల మందపాటి పర్సు పెట్టుకుని బండి నడిపేటోళ్లకు పిర్రలోనే నరం ఒత్తుకోవచ్చు, పర్సు ముందు జేబుకు మార్చి కొన్ని వారాలు చూడండి.

సూది సంగతి ఇక్కడనే చెప్పాలె. ఊళ్లల్ల జ్వరమొస్తే పిర్రకు సూది ఏపించుకునుడు మామూలే, సూది తప్పు జాగల పడి నరానికి తగిలితే పాదం పైకి లేవకుండా అయిపోవచ్చు. పిర్రను నాలుగు భాగాలు చేసి పైన బయటి భాగంలో ఏస్తరు, కానీ పిర్ర అంటే గుండ్రంగా మెత్తగా ఉన్నంత వరకే అనుకోవద్దు, నడుం అంచు దాకా లెక్కపెట్టి అప్పుడు నాలుగు చేయాలె, లేదంటే సూది కిందికి పోతది. దీనికన్నా సేఫ్ జాగ పక్కన ఉంది: ఎడమ తుంటికైతే కుడి అరచేయి మడిమ పక్క బొడిపె మీద, చూపుడు వేలు ముందు మొన బొక్క వైపు, నడిమి వేలు విడదీసి నడుం అంచు వైపు పెడితే ఆ రెండు వేళ్ల సందు. పెద్ద నరం ఆ దగ్గర్ల ఉండదు. పాలు తాగే పిల్లలకు పిర్రకు కాదు, తొడ ముందు బయటి వైపు ఏయమనండి. గోలీతో పోయేదానికి సూది అడగనే అడగొద్దు.

స్టెప్ 7: డాక్టర్‌కు ఎట్ల చెప్పాలి

వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానకు పోయినా ప్రైవేటుకు పోయినా లైన్ల ఉన్నప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి. వేలు ఆగే చోటు (గజ్జ, పక్క బొడిపె, కూసునే బొక్క, వెనక సొట్ట, లేదా పిర్ర నుంచి కిందికి గుంజేది), ఎప్పటి సంది, ఏ పని చేస్తే ఎక్కువ, రాత్రి నిద్ర లేపుతుందా, వాడిన మందులు. గజ్జ అని రాస్తే తుంటి ఎక్స్‌రే తీయాలా అని అడగండి.

వెంటనే పోవాల్సినవి కొన్ని ఉన్నయి. ఒంటికి పోయే జాగ చుట్టూ మొద్దుబారడం, ఉచ్చ ఆగిపోవడం లేదా తెల్వకుండా పోవడం, రెండు కాళ్లల్ల బలం తగ్గడం. జ్వరంతో పాటు పిల్ల కాలు కదపనియ్యకుండా ఏడ్వడం. ఈ రెండిటికీ అదే రోజు, రాత్రయినా సరే.

మూడోది ముసలోళ్లు బాత్రూంలో జారి పడుడు. పడ్డ కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉంటే తొడ బొక్క మెడ దగ్గర విరిగినట్టే అనుకోండి. గుండుకు రక్తం పోయే నాళాలు ఆ మెడను పట్టుకునే ఉంటయి, అందుకే లేటైతే గుండు ఎండిపోతది. లేపి నడిపించి చూడొద్దు, నూనెతో మర్దన చేయొద్దు, నాటు కట్టుకు తీసుకపోవద్దు. రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, కాళ్లు కదలకుండా దుప్పటితో చుట్టి, 108కి ఫోన్ చేయండి.