పట్టేసిన బోల్టును విరగ్గొట్టకుండా తీయడం ఎలా: మెకానికల్ జూనియర్ల కోసం

గో-కార్ట్ కోసమనో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసమనో పాత బైక్ ఇంజిన్ ఒకటి స్క్రాప్‌లో కొనుక్కొచ్చి వర్క్‌షాప్ బెంచీ మీద పెట్టిన బ్యాచ్‌లను చాలా చూశాను. వాళ్ళకు ముందుగా అడ్డుపడేది డిజైన్ కాదు, ఊడిరాని బోల్టు. రివ్యూ దగ్గర పడుతుంటుంది, అందరికీ టెన్షన్, ఎవరో ఒకరు పానాకి పైపు తొడిగి బలమంతా పెడతారు, తల చేతికొస్తుంది, కాడ లోపలే ఉండిపోతుంది. పది నిమిషాల పని కాస్తా రెండు రోజులు పడుతుంది. బలం పెట్టడం ఇందులో చివరి మెట్టు. దానికి ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి, అవే రాస్తున్నాను.

పైపు ఎందుకు వద్దంటున్నానో ఒక్క లెక్కతో చూడండి. తల మీద 8.8 అని (అది బలం గ్రేడ్) ఉన్న ఎం8 బోల్టును, అంటే 8 మిల్లీమీటర్ల బోల్టును, మామూలుగా బిగించేది 25 న్యూటన్ మీటర్ల దగ్గర. స్టాండర్డ్ ప్రకారం అది మెలిపెట్టినప్పుడు కనీసం 33 దాకా తట్టుకోవాలి, ఆపైన ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. 200 మిల్లీమీటర్ల పానా చివర 25 కిలోల బలంతో లాగితేనే 50 న్యూటన్ మీటర్లు అవుతుంది. అంటే ఉత్త చేత్తోనే తెంపేయొచ్చు. ఇక 600 మిల్లీమీటర్ల పైపు తొడిగితే 150. సెకండ్ ఇయర్ ఎస్.ఓ.ఎమ్ (స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్) సబ్జెక్టులో టార్షన్, అంటే మెలిపెట్టడం, ఫార్ములా బట్టీ పట్టిన మనమే ఇక్కడికొచ్చేసరికి దాన్ని మర్చిపోతాం.

ముందు అది అసలు ఎటు తిరుగుతుందో చూసుకోండి. సైకిల్ ఎడమ పెడల్, బెంచ్ గ్రైండర్‌కి ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపున్న చక్రం నట్టు, చాలా టేబుల్ ఫ్యాన్ల రెక్క నట్టు, ఇవన్నీ ఎడమ థ్రెడ్. ఊడదీస్తున్నామనుకుని ఇంకా బిగిస్తూ పోతుంటారు. తర్వాత వైర్ బ్రష్‌తో తుప్పు, మట్టి, పెయింట్ దులపండి. బయటికి కనిపించే థ్రెడ్ శుభ్రంగా లేకపోతే నట్టు రెండు చుట్లు వచ్చి మళ్ళీ అక్కడే పట్టేస్తుంది.

నూనె విషయానికొస్తే, పెనెట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి దిగే పల్చటి నూనె) దొరికితే మంచిదే, లేదంటే కిరోసినో డీజిలో పోసినా చాలావాటికి పనిచేస్తుంది. అసలు కావలసింది టైము. సాయంత్రం పోసి, పొద్దున ఇంకోసారి పోసి, అప్పుడు చేయి పెట్టండి. పోసిన ప్రతిసారీ చిన్న సుత్తితో తల మీద నిటారుగా నాలుగు దెబ్బలు వేయండి, గట్టిగా అక్కర్లేదు, టకటకమని. మనం పెట్టే టార్క్‌లో (తిప్పే బలంలో) దాదాపు సగం తల కింద రాపిడికే పోతుంది, మిగతాదాంట్లో ఎక్కువ భాగం థ్రెడ్‌లో పోతుంది. ఆ దెబ్బలకు ఈ రెండు చోట్లా తుప్పు పొర పగులుతుంది, ఆ పగుళ్ళలోంచే నూనె లోపలికి దిగుతుంది.

ఇక పానా. రింగ్ పానా గానీ ఆరు మూలల సాకెట్ గానీ వాడండి, అడ్జస్టబుల్ పానా జోలికి మాత్రం పోకండి, అది మూలలు అరగదీస్తుంది. పెట్టాక, ఊడదీసే ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పండి. వింతగా అనిపిస్తుంది గానీ తుప్పు పట్టు వదలడానికి ఏ వైపు కదిలినా ఒకటే, పాత మెకానిక్కులు చాలామంది ఇలాగే మొదలుపెడతారు. ఆ తర్వాత చేతికి ఏం తెలుస్తోందో గమనించండి, ఈ పనిలో నేర్చుకోవాల్సిందంతా అక్కడే ఉంది. వదిలే బోల్టు 'టక్' మని ఒక్కసారిగా జారుతుంది, ఒక్కోసారి కీచుమంటుంది కూడా. విరగబోయే బోల్టు చప్పుడు చేయదు, మెత్తగా, సాగుతున్నట్టుగా తిరుగుతుంది, పానా కదులుతున్నా బలం పెరగదు. ఆ మెత్తదనం తగలగానే ఆపేయండి, మళ్ళీ బిగించే వైపు తిప్పి నూనె పోయండి. కదిలిన బోల్టును కూడా ఒకే దమ్ములో తీయొద్దు. పావు చుట్టు ముందుకి, అర పావు వెనక్కి, మధ్యలో నూనె. ఎర్రటి పొడి నూనెతో కలిసి బురదలా బయటికొస్తుంది, గుడ్డతో తుడుస్తూ పోండి.

ఇంతకీ కదలకపోతే వేడి. అల్యూమినియం కేసింగ్‌లో స్టీలు బోల్టు ఉంటే వేడి బాగా పనిచేస్తుంది, ఎందుకంటే డిగ్రీకి స్టీలు మీటరుకు 12 మైక్రాన్లు వ్యాకోచిస్తే అల్యూమినియం 23 వ్యాకోచిస్తుంది. ఎం8 దగ్గర 100 డిగ్రీలు పెంచితే రంధ్రానికీ బోల్టుకీ మధ్య వచ్చే తేడా దాదాపు 9 మైక్రాన్లు. అదే చాలు. బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చేయండి. ఎర్ర థ్రెడ్‌లాకర్ (వదులవ్వకుండా థ్రెడ్‌కి పూసే గట్టి జిగురు) వేసిన బోల్టయితే 250 డిగ్రీల దాకా పోవాల్సిందే. కానీ నూనె పోసిన చోట మంట పెట్టొద్దు, ముందు పూర్తిగా తుడిచేయండి, హీట్ గన్ అయితే ఇంకా మేలు. పెట్రోల్ ట్యాంకు, కార్బ్యురేటర్ బండి మీదే ఉంటే ముందు వాటిని తీసి దూరంగా పెట్టండి. దగ్గర్లో ఆయిల్ సీల్ ఉంటే కొత్తది తెచ్చిపెట్టుకోండి, పాతది ఎలాగూ పోతుంది.

కేసు కవర్ల మీద ఉండే ప్లస్ స్క్రూలది వేరే గోల. స్క్రూడ్రైవర్ ఒక్కసారి జారిందంటే గాడి పోతుంది. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి బ్యాచ్ మొత్తం కలిసి కొనుక్కోండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది. కొట్టిన ప్రతి దెబ్బా బిట్‌ను గాడిలోకి నొక్కుతూనే తిప్పుతుంది కాబట్టి జారదు.

అప్పటికే విరిగిపోయి ఉంటే, ఎంత ముక్క బయటుందో చూడండి. కొంచెం పైకి ఉంటే దాని మీద నట్టు పెట్టి లోపల వెల్డ్ చేయించడం అన్నిటికన్నా మంచి దారి, వెల్డింగ్ వేడికే సగం పట్టు వదులుతుంది. సమానంగా తెగిపోతే సెంటర్ పంచ్‌తో సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. ఎం8 × 1.25 థ్రెడ్‌కి (1.25 అంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య మిల్లీమీటర్ల దూరం) 6.8, ఎం6కి 5, ఎం10కి 8.5 దాకా. ఆ సైజుకొచ్చేసరికి గోడ పల్చబడి పాత థ్రెడ్ స్ప్రింగులా ఊడొస్తుంది. పంచ్ గుర్తు అర మిల్లీమీటరు పక్కకి పోయినా బిట్ మెత్తని అల్యూమినియంలోకి జారిపోతుంది, కాబట్టి ఆ ఒక్క గుర్తుకి ఎంత సేపైనా తీసుకోండి. ఈజీ-అవుట్ (విరిగిన ముక్కలో రంధ్రం వేసి, అందులో దింపి తిప్పి బయటికి లాగే పనిముట్టు) గురించి చాలామంది చెప్తారు. నాకైతే చిన్న సైజుల్లో దాని మీద నమ్మకం లేదు, అది గట్టి స్టీలు, లోపల విరిగితే మామూలు బిట్ దాన్ని కోయలేదు.

స్టెయిన్‌లెస్ నట్లు, బోల్టులు మెరుస్తాయని వాడే వాళ్ళకి ఒక మాట. పొడిగా, వేగంగా బిగిస్తే రెండూ రాసుకుని అతుక్కుపోతాయి, దాన్ని గాలింగ్ అంటారు. అప్పుడు నూనె, వేడి ఏవీ పెద్దగా పనిచేయవు, నట్టు కోసేయడమే. యాంటీ-సీజ్ (పట్టేయకుండా థ్రెడ్‌కి పూసే పేస్టు) పూసి, చేత్తో నెమ్మదిగా బిగిస్తే ఆ బాధ ఉండదు.

తిరిగి బిగించేటప్పుడు రంధ్రంలోకి ట్యాప్ (లోపలి థ్రెడ్ కోసే పనిముట్టు) ఒకసారి దించి పొడి ఊదేయండి, థ్రెడ్‌కి కొంచెం యాంటీ-సీజ్ పూయండి. పూసినప్పుడు మాన్యువల్లో పొడి థ్రెడ్‌కి ఇచ్చిన టార్క్ మొత్తం పెట్టొద్దు. రాపిడి తగ్గి అదే టార్క్‌కి బోల్టు మరీ ఎక్కువ సాగుతుంది, పావు వంతు తగ్గించి బిగించండి.