పేపరు తిరిగి వచ్చిందా? ఇంగ్లీషు దిద్దించే ముందు ఇవి చూడండి

జర్నల్‌కు పంపిన పరిశోధన పేపరు తిరిగి రాగానే చాలామంది చేసే మొదటి పని ఇంగ్లీషు దిద్దించడం. రెండోది, అదే ఫైలును మరో జర్నల్‌కు పంపడం. రెండూ ఎప్పుడో ఒకసారి ఫలిస్తాయి. కానీ తిరస్కరణ లేఖలో కనిపించేది లక్షణం మాత్రమే, అసలు కారణం చాలాసార్లు పేపరులో ఇంకెక్కడో ఉంటుంది. ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అంటే ఏమిటో మీకు తెలుసు కాబట్టి అవి ఇక్కడ చెప్పబోను. వచ్చిన జవాబును బట్టి ఎక్కడ వెతకాలో చెబుతాను.

రివ్యూకు వెళ్లకుండానే, కొద్ది రోజుల్లో తిరిగి వచ్చింది

రివ్యూయర్లకు, అంటే పేపరును అంచనా వేసే అదే రంగం నిపుణులకు, చేరకుండా ఎడిటర్ దగ్గరే ఆగిపోయింది. పని నాసిరకమని దీని అర్థం కాదు. మొదట అనుమానించాల్సింది జర్నల్ పరిధిని. ప్రతి జర్నల్ తాను ఏమి ప్రచురిస్తుందో, ఏది ప్రచురించదో ఒక పేజీలో స్పష్టంగా రాసి పెడుతుంది. ఆ పేజీ చదవకుండా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌లోని పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తారో చెప్పే అంకె) ఒక్కటి చూసి పంపేవాళ్లు ఇంతమంది ఎందుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక సులువైన పరీక్ష ఉంది. మీ రిఫరెన్సుల జాబితా తెరిచి, మీరు పంపబోతున్న జర్నల్ పేరు అందులో ఎన్నిసార్లు ఉందో చూడండి. ఒక్కసారి కూడా లేకపోతే ఆ జర్నల్ పాఠకులకూ మీ ప్రశ్నకూ సంబంధం ఉందా అని ఆలోచించుకోవాలి. ఎక్కువసార్లు కనిపించిన జర్నల్ మీ మొదటి ఎంపికగా ఉండటం మంచిది.

పరిధి సరిపోయినా తిరిగి వస్తే రచయితలకు ఇచ్చిన సూచనలు చూడండి. పదాల పరిమితి, నైతిక అనుమతి వివరం, డేటా ఎక్కడ దొరుకుతుందో చెప్పే వాక్యం, అధ్యయనానికి తగిన చెక్‌లిస్టు: వీటిలో ఏదో ఒకటి లోపించి ఉంటుంది. చెక్‌లిస్టుల్లో, చీటీ తీసినట్టు గుంపులు చేసే రాండమైజ్డ్ ట్రయల్‌కు కన్సార్ట్, ఒక అంశంపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతిగా సమీక్షించే సిస్టమాటిక్ రివ్యూకు ప్రిస్మా, పరిశీలనా అధ్యయనానికి స్ట్రోబ్, జంతువులపై ప్రయోగాలకు అరైవ్ వాడతారు. పేపరు పంపే ముందు రాత్రి వీటిని నింపేవాళ్లే ఎక్కువ. ప్రయోగం మొదలుపెట్టే ముందు చదివితే పద్ధతుల భాగం సగం రాసినట్టే.

ఇందులో తర్వాత దిద్దుకోలేనిది ఒక్కటుంది. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నియమాలు పాటించే జర్నళ్లు 2005 నుంచి ఒక షరతు పెడుతున్నాయి. మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్‌ను బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ తేదీ దాటాక ఎంత బాగా రాసినా లాభం లేదు.

ఇక కవరింగ్ లెటరులో పాత జర్నల్ పేరు అలాగే వదిలేసి పంపడం గురించి ఏమి చెప్పను? ఎడిటర్లు దాన్ని చూసి నవ్వుకుంటారు, ఆ తర్వాత పేపరు వెనక్కి పంపేస్తారు.

రివ్యూయర్లు "భాష మెరుగుపడాలి, కొత్తదనం స్పష్టంగా లేదు" అన్నారు

అసలు తంటా ఇక్కడే. ఈ రెండు వ్యాఖ్యలూ జంటగా వస్తే సాధారణంగా తప్పు భాషది కాదు. డబ్బిచ్చి భాష దిద్దించి, వాక్యాలన్నీ నున్నగా చేయించి పంపాక మళ్లీ అదే వ్యాఖ్య వచ్చిన పేపర్లు నా దగ్గరకు చాలా వచ్చాయి. ప్రతిసారీ లోపల దొరికినది ఒకటే. ఉపోద్ఘాతం ఒక ప్రశ్న అడుగుతోంది, ఫలితాలు వేరే ప్రశ్నకు జవాబిస్తున్నాయి, చర్చ మూడో సంగతి ప్రకటిస్తోంది.

ఒక పేపరును ఊహించుకోండి. వేళ్ల దగ్గర బతికే ఒక బాక్టీరియా టమాటా మొక్కకు నీటి ఎద్దడిని తట్టుకునే శక్తి ఇస్తుందా అని ఉపోద్ఘాతం అడుగుతుంది. ఫలితాల్లో ఆకుల్లోని ప్రోలిన్ (ఎద్దడిలో మొక్కలో పేరుకునే ఒక అమైనో ఆమ్లం) పెరిగిందని, వేళ్లు పొడవయ్యాయని ఉంటుంది. ఈ బాక్టీరియాతో కరవులోనూ దిగుబడి పెంచవచ్చని చర్చ ముగుస్తుంది. దిగుబడిని ఎవరూ కొలవలేదు. మొక్క ఎద్దడిని తట్టుకుందా లేదా అన్నదీ నేరుగా కొలవలేదు. నీళ్లు ఆపి ఎన్ని మొక్కలు బతికాయో, నీళ్లు మళ్లీ పెట్టాక ఎన్ని కోలుకున్నాయో చూడలేదు. ప్రోలిన్ పెరుగుదల ఎద్దడిని తట్టుకుంటున్నదానికి గుర్తు కావచ్చు. మొక్క ఎక్కువ ఎద్దడికి గురైందనడానికీ గుర్తు కావచ్చు. ప్రతి వాక్యం విడిగా సరిగానే ఉంది. మొత్తం చదివిన రివ్యూయర్‌కు మాత్రం ఎక్కడో కాలు జారినట్టుంటుంది. ఎక్కడో తేల్చుకునేంత తీరిక అతనికి ఉండదు. పేరు చూసి రచయిత మాతృభాష ఇంగ్లీషు కాదనుకుంటే వేలు ముందుగా భాషవైపే చూపిస్తుంది. కొత్తదనం కనిపించకపోవడానికీ ఇదే కారణం. ఏ ప్రశ్నకు జవాబు దొరికిందో తెలియనప్పుడు ఆ జవాబు కొత్తదో పాతదో ఎవరు చెప్పగలరు?

ఇది అజాగ్రత్త వల్ల వచ్చే లోపం కాదు, అందుకే పట్టుకోవడం కష్టం. ఉపోద్ఘాతం పరిశోధన ప్రతిపాదన నాటి రాత, దాన్నే కొద్దిగా మార్చి ఇక్కడికి తెచ్చి ఉంటారు. పద్ధతులు ప్రయోగం మధ్యలో రాసినవి. అనుకున్న కొలత ఏ పరికరం పాడవడం వల్లో కుదరక, కుదిరిన కొలతలు ఫలితాల్లో చేరతాయి. చర్చ చివరి వారంలో, తరచుగా మరో సహరచయిత చేతిలో తయారవుతుంది. మీకు కథంతా తెలుసు కాబట్టి మీ కళ్లు ఖాళీలను వాటంతటవే పూరించేస్తాయి. పదిసార్లు చదివినా కనిపించకపోవడం సహజం.

ఇంగ్లీషు దిద్దించాలా వద్దా అన్నది తేల్చడానికి రివ్యూలనే చూడండి. చాలామంది రివ్యూయర్లు తమ నివేదికను మీ పేపరు దేని గురించో రెండు మూడు వాక్యాల్లో చెబుతూ మొదలుపెడతారు. రచయితలు ఆ పేరాను దాటేసి నేరుగా విమర్శకు వెళతారు. ఆగండి, లేఖ మొత్తంలో విలువైన భాగం అదే. ఇద్దరి సారాంశాలనూ పక్కపక్కన పెట్టండి. ఒకరు మీ పేపరు ఎద్దడి గురించి అన్నారా, మరొకరు వేళ్ల పెరుగుదల గురించి అన్నారా? అయితే వ్యాధి దొరికింది. ఇద్దరూ ఒకటే చెప్పి, ఏ లైనులో ఏ వ్యాకరణ దోషముందో కూడా చూపించి ఉంటే అప్పుడది నిజంగా భాష సమస్యే, దిద్దించండి.

వైద్యానికి వస్తే, ఖాళీ కాగితం తీసుకోండి. ఉపోద్ఘాతంలో మీ లక్ష్యం చెప్పే వాక్యం (సాధారణంగా చివరి పేరాలో ఉంటుంది) ఒకటి రాయండి. ప్రతి బొమ్మ, ప్రతి పట్టిక ఏమి చెబుతోందో ఒక్కో వాక్యంలో దాని కింద రాయండి. చర్చలోని మొదటి వాక్యం, ముగింపులోని చివరి వాక్యం, ఆపైన శీర్షిక చేర్చండి. అసలు పేపరు పక్కన పెట్టి ఈ కాగితమే చదవండి. అడిగిన విషయం, కొలిచిన విషయం, ప్రకటించిన విషయం ఒకటేనా? క్రియలు కూడా చూడండి. "సంబంధం కనిపించింది" అని ఫలితాల్లో ఉండి, "కారణమవుతోంది" అని ముగింపులో ఉంటే మధ్యలో లేని ప్రయోగమేదో ఊహించుకున్నారు. ఏ వాక్యానికీ జవాబు కాని బొమ్మ ఉంటే అది అనుబంధానికి పోవాలి, అది మూడు నెలల కష్టమైనా సరే.

ఆ తర్వాత ఎటు సర్దాలి? ఫలితాలు మారవు కాబట్టి మిగతావే మారాలి. ముందు బొమ్మల వరుస ఖాయం చేయండి, దాన్ని బట్టి ఫలితాలు, తర్వాత చర్చ, ఆ తర్వాతే ఉపోద్ఘాతం తిరగరాయండి. సారాంశం, శీర్షిక అన్నిటికన్నా చివర. మన టమాటా పేపరులో దిగుబడి మాట తీసేసి, "ఈ బాక్టీరియా నీటి ఎద్దడిలో వేళ్ల పెరుగుదలను, ప్రోలిన్‌ను ఎలా మారుస్తుంది" అని అడిగితే ప్రశ్న చిన్నదవుతుంది. జవాబు మాత్రం పూర్తిగా దానిదే అవుతుంది. రచయితలు ఈ తగ్గింపుకు గింజుకుంటారు. చిన్న ప్రశ్నకు పూర్తి జవాబిచ్చే పేపరు ఎక్కడో ఒకచోట అచ్చవుతుంది, పెద్ద ప్రశ్నకు సగం జవాబిచ్చేది తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక గీత ఉంది, దాటకండి. ఉపోద్ఘాతాన్ని ఫలితాలకు దగ్గరగా తేవడం వేరు, ఫలితాలు చూశాక తయారుచేసుకున్న పరికల్పనను మొదటినుంచీ ఉన్నట్టు చూపించడం వేరు. రెండోదానికి మనస్తత్వ శాస్త్రవేత్త నార్బర్ట్ కెర్ 1998లో హార్కింగ్ అని పేరు పెట్టాడు. ముందుగా పరీక్షించిన పరికల్పన నిలబడకపోతే ఆ సంగతి పేపరులో ఉండాలి. తర్వాత దొరికినవాటిని అన్వేషణాత్మక ఫలితాలని చెప్పి చూపించండి. ముందుగా రిజిస్టరు చేసిన అధ్యయనంలో ప్రధాన ఫలితాన్ని మార్చడానికి అసలే వీల్లేదు. రివ్యూయర్ రిజిస్ట్రీ తెరిచి పోల్చి చూడగలడు.

చివరగా, మీ రంగం తెలిసినా ఈ పని తెలియని ఒకరికి బొమ్మలు, వాటి కింది వివరణలు మాత్రమే ఇవ్వండి, పేపరు ఇవ్వకండి. ఇది ఏ ప్రశ్నకు జవాబు అని అడగండి. వాళ్లు చెప్పింది మీ లక్ష్య వాక్యానికి దగ్గరగా ఉంటే పంపవచ్చు.

గణాంకాల మీద పట్టుకున్నారు

ముందు 'ఎన్' (విడివిడిగా ప్రయోగానికి గురైన నమూనాల సంఖ్య) ఎంతో చూడండి. మూడు మొక్కల నుంచి పదేసి ఆకులు తీసి ఎన్ ముప్పై అని రాస్తే తప్పు. బాక్టీరియా ఇచ్చింది మొక్కకు కాబట్టి ఎన్ మూడే. జీవావరణ శాస్త్రవేత్త హర్ల్‌బర్ట్ 1984లోనే ఈ పొరపాటుకు సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టి వివరించాడు, ఇప్పటికీ వస్తూనే ఉంది. వీలైతే మొక్కకో సగటు తీసుకుని విశ్లేషించండి, లేదా ఒకే మొక్క ఆకులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయన్నది లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వాడండి. మొక్కలే తక్కువైతే మళ్లీ ప్రయోగం చేయడం తప్ప దారిలేదు.

గ్రాఫుల్లోని గీతలు స్టాండర్డ్ డీవియేషనో (కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో), స్టాండర్డ్ ఎర్రరో (సగటు ఎంత కచ్చితమో) రాయకపోవడం మరో అలవాటు. ఎన్ 16 అయితే రెండోది మొదటిదానిలో నాలుగో వంతే ఉంటుంది. డేటా చక్కగా కనిపించాలని చిన్నదాన్ని వేశారని రివ్యూయర్ అనుకుంటాడు. గీత ఏమిటో రాయండి, ఎన్ తక్కువైతే ప్రతి బిందువునూ చూపించండి.

జన్యువుల జాబితాలు ఎక్సెల్‌లో పంపేవాళ్లు పేర్లు తేదీలుగా మారాయేమో చూసుకోండి. ఈ బెడద ఎంత ముదిరిందంటే 2020లో మానవ జన్యువుల నామకరణ కమిటీ కొన్ని పేర్లనే మార్చింది. ఎక్సెల్ మార్చి 1 తేదీగా చదివే మార్చ్1 ఇప్పుడు మార్చ్ఎఫ్1.

సవరించి పంపాక రెండో రౌండులో తిరస్కరించారు

పేపరు కంటే జవాబు లేఖను అనుమానించండి. "సూచనలన్నీ చేర్చాం, ధన్యవాదాలు" అని ఒక పేరా రాసి పంపితే రివ్యూయర్ మార్పులను తనే వెతుక్కోవాలి, వెతకడు. ప్రతి వ్యాఖ్యనూ ఉన్నదున్నట్టు కాపీ చేసి, దాని కింద మీ జవాబు, ఏ పేజీలో ఏ లైనులో మార్చారో, మార్చిన వాక్యం రాయండి. ఒప్పుకోని చోట ఆధారం చూపించి ఒప్పుకోనని చెప్పవచ్చు, అందుకు ఎవరూ తిరస్కరించరు. వ్యాఖ్యను చూడనట్టు దాటేస్తే మాత్రం తిరస్కరిస్తారు. ఇద్దరు రివ్యూయర్లు ఒకరికొకరు విరుద్ధంగా అడిగితే ఎవరి మాట వినాలో ఎడిటర్‌ను అడగండి.

నెలలు గడిచినా కబురు లేదు

సాధారణంగా రివ్యూయర్లు దొరకక ఆలస్యమవుతుంది. జర్నల్ తాను చెప్పిన గడువు దాటాక పేపరు నంబరుతో మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి. ఈలోగా మరో జర్నల్‌కు పంపకండి. అది ప్రచురణ నీతికి విరుద్ధం, బయటపడితే రెండు చోట్లా పోతుంది. పని వెంటనే బయటికి రావాలంటే ప్రీప్రింట్ (రివ్యూకు ముందే ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచే ప్రతి) పెట్టండి. ఇందుకు భౌతికశాస్త్రంలో ఆర్‌కైవ్ సైటు 1991 నుంచి, జీవశాస్త్రంలో బయోఆర్‌కైవ్ 2013 నుంచి ఉన్నాయి. మీ జర్నల్ ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోవాలి.

మూడు రోజుల్లో ఆమోదం, వెంటనే బిల్లు

సంబరపడకండి. రివ్యూ నివేదికలు లేకుండా ఆమోదం వచ్చిందంటే అది డబ్బు కోసమే నడిచే దోపిడీ జర్నల్. ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య) ఉండటం నాణ్యతకు రుజువు కాదు. ఎవరైనా ఉచితంగా చదవగల ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే అలాంటి జర్నళ్ల డైరెక్టరీ డీఓఏజే జాబితాలో ఉందో చూడండి. సంపాదకవర్గంలోని వాళ్ల సొంత విశ్వవిద్యాలయ పేజీల్లో ఈ జర్నల్ ప్రస్తావన ఉందో వెతకండి. నిజమైన జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లూ ఉన్నాయి కాబట్టి మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకుండా చిరునామా విడిగా వెతికి వెళ్లండి. కాపీరైట్ పత్రం మీద సంతకం చేయకముందే, డబ్బు కట్టకముందే లిఖితపూర్వకంగా పేపరు వెనక్కి తీసుకోండి. తర్వాతైతే వాళ్లు వదలరు.

మిగతావి

పాత రాతలతో పోల్చే సాఫ్ట్‌వేర్‌లో సారూప్యత శాతం ఎక్కువ వచ్చిందని కంగారు పడేవాళ్లు శాతం కాక, ఎక్కడ కలిసిందో చూడాలి. పద్ధతుల్లోని మామూలు మాటలు కలిస్తే ఫర్వాలేదు, చర్చలో పేరా కలిస్తే తిరగరాయాలి. రివ్యూయర్ పోటీదారుడని, మీ ఆలోచన దొంగిలించడానికే ఆపాడని అనుమానమా? అలా జరగదని అనను. కానీ మీకు జరిగిందని నమ్మేముందు పైన చెప్పిన కాగితం పని పూర్తి చేయండి. అప్పీలు రివ్యూయర్ వాస్తవం తప్పు రాసినప్పుడే చేయండి, ఆ తప్పు ఏ లైనులో ఉందో చూపిస్తూ ఒక పేజీకి మించకుండా రాయండి.